సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ రివ్యూ: సర్వర్లో టెంప్ చెత్త ఊడ్చే పని ఎవరికి అప్పగించాలి?

స్ప్రింగ్ బూట్‌తో (ఒక జావా ఫ్రేమ్‌వర్క్) కట్టిన అప్లికేషన్ ఏ గొడవా లేకుండా పది రోజులు నడుస్తుంది. పదకొండో రోజు ఎవరో ఫైల్ అప్‌లోడ్ చేయబోతే, తాత్కాలిక అప్‌లోడ్ స్థానం చెల్లదంటూ ఎర్రర్ వస్తుంది. రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది, పది రోజులకు మళ్ళీ అదే తంతు. సెంట్ఓఎస్ 7 రోజుల్లో జావా వాళ్ళను బాగా ఏడిపించిన సమస్య ఇది. అప్లికేషన్ లోపలి టామ్‌క్యాట్ (వెబ్ సర్వర్) మొదలవుతూనే, తాత్కాలిక ఫైళ్ళుండే /టీఎంపీ కింద తన పేరుతో ఒక డైరెక్టరీ చేసుకుంటుంది. అప్‌లోడ్‌లు రాకపోతే అది ఖాళీగానే పడి ఉంటుంది. పది రోజులుగా ఎవరూ తాకలేదు కనుక, పాత టెంప్ ఫైళ్ళను ఊడ్చే సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ దాన్ని తీసేస్తుంది. తప్పు రెండు వైపులా ఉంది. వారాల తరబడి నడవాల్సిన ప్రోగ్రామ్ తనకు అత్యవసరమైన డైరెక్టరీని /టీఎంపీలో పెట్టుకుంది. అక్కడ రోజూ ఒక క్లీనర్ తిరుగుతోందన్న సంగతి సర్వర్ చూసుకునేవాళ్ళకు తెలియదు.

పాత ఫైళ్ళు చెరిపేయడం ఏ స్క్రిప్ట్‌కైనా వచ్చు. అందుకే ఇక్కడ మార్కులు వేసింది ఏ పనిముట్టు దేన్ని చెరపకుండా వదిలిపెడుతుందో చూసి. ముఖ్యంగా చూసింది నేటి లైనక్స్ పంపిణీల్లో ఎక్కువ వాటితో వచ్చే సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్‌ని. పక్కన పోలికకు క్రాన్‌లో (వేళకు పనులు నడిపే షెడ్యూలర్) పెట్టే ఫైండ్ కమాండ్, రెడ్‌హ్యాట్ వాళ్ళ పాత టెంప్‌వాచ్, దాని నుంచి పుట్టిన డెబియన్ టెంప్‌రీపర్, ఫ్రీబీఎస్‌డీ పీరియాడిక్ స్క్రిప్ట్ ఉన్నాయి.

ముందు ఫైండ్ సంగతి, ఎందుకంటే ఇప్పటికీ చాలా సర్వర్లలో నడుస్తున్నది అదే. ఫైండ్ /టీఎంపీ -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -ఏటైమ్ +10 -డిలీట్ అని ఒక్క వరుస రాసి క్రాన్‌లో పడేస్తారు. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. చిక్కులు లోపల ఉన్నాయి. +10 అంటే పది రోజులు దాటగానే అని కాదు. ఫైండ్ రోజులో మిగిలిన గంటలను వదిలేసి లెక్కపెడుతుంది కాబట్టి 10 రోజుల 23 గంటల కిందట చదివిన ఫైల్ దాని దృష్టిలో ఇంకా పది రోజులదే, అంటే పదకొండు నిండాకే పోతుంది. అది పెద్ద నష్టం కాదు. -డిలీట్‌ని పొరపాటున షరతుల కంటే ముందు రాస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, షరతు దాకా రాకముందే చెరపడం అయిపోతుంది. ఒక డైరెక్టరీని మినహాయిద్దామని -ప్రూన్ వాడితే అదీ కుదరదు. -డిలీట్ తనంతట తాను -డెప్త్‌ని (లోపలివి ముందు, డైరెక్టరీ తర్వాత) ఆన్ చేస్తుంది, -డెప్త్ ఉంటే -ప్రూన్ పనిచేయదు. గ్నూ ఫైండ్ ఈ రెంటినీ కలిపి రాస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అది దాని మంచితనం. పాత అలవాటు కొద్దీ ఫైండ్ ఇచ్చిన జాబితాను ఎక్స్‌ఆర్గ్స్ ద్వారా ఆర్‌ఎమ్‌కి పంపేవాళ్ళున్నారు. జాబితా తయారవడానికీ చెరపడానికీ మధ్య దొరికే సందులో, /టీఎంపీలో రాసే హక్కున్న ఎవరైనా తన డైరెక్టరీని తీసేసి అదే పేరుతో సిమ్‌లింక్ (వేరే చోటికి దారి చూపే గుర్తు) పెట్టొచ్చు. రూట్ హక్కుతో నడిచే ఆర్‌ఎమ్ ఆ లింక్ వెంట ఎక్కడికి పోతుందో దేవుడికే ఎరుక. అందరూ రాయగలిగే డైరెక్టరీలో ఇది వాడొద్దు. ఒక్క సర్వీస్ మాత్రమే రాసే సొంత క్యాష్ డైరెక్టరీకైతే పరవాలేదు.

అంకె పక్కన యూనిట్ రాయకపోవడం వీటన్నిటిలోనూ తేలిగ్గా దొర్లే పొరపాటు. 10 అని మాత్రం రాస్తే ఫైండ్ -ఏటైమ్‌కి అది పది రోజులు. టెంప్‌వాచ్‌కీ టెంప్‌రీపర్‌కీ పది గంటలు. సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్‌కి పది సెకన్లు! పాత క్రాన్ స్క్రిప్ట్‌లోని అంకెను అలాగే కొత్త కాన్ఫిగ్‌లోకి ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాగే ఒక నెల అనుకుని 1 పక్కన చిన్న ఎమ్ అక్షరం పెడితే అది ఒక నిమిషం. రోజులకు డి, వారాలకు డబ్ల్యూ. నెల కావాలంటే 30డి అని రాసేయడమే మేలు.

ఇక అసలు విషయం. ఫైల్ పాతదా కాదా అని తేల్చడానికి యూనిక్స్‌లో మూడు సమయాలున్నాయి. చివరిసారి చదివింది ఏటైమ్, లోపలి సరుకు మార్చింది ఎంటైమ్, పేరు, హక్కులు, యజమాని లాంటివి మారినప్పుడు కూడా కదిలేది సీటైమ్. ఒక్క ఎంటైమ్ చూసి చెరిపేవాళ్ళు టార్ ఫైల్ (ఎన్నో ఫైళ్ళ మూట) విప్పినప్పుడు దెబ్బతింటారు. టార్ లోపలి ఫైళ్ళకు వాటి పాత తేదీలే పెడుతుంది కాబట్టి, ఇప్పుడే విప్పిన ఫైల్ కూడా 2019 నాటిదిగా కనిపించి ఆ రాత్రే మాయమవుతుంది. ఒక్క ఏటైమ్‌ని నమ్ముకుంటే ఇంకో తంటా. డిస్క్‌ని నోఏటైమ్‌తో మౌంట్ చేసి ఉంటే ఎంత చదివినా ఆ సమయం కదలదు, రోజూ వాడే ఫైల్ కూడా మూలన పడి ఉన్నట్టే లెక్క. 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుంచి రెల్‌ఏటైమ్ డిఫాల్ట్. అందులో చదివిన ప్రతిసారీ కాకపోయినా, పాత ఏటైమ్‌కి 24 గంటలు దాటితే తప్పకుండా మారుతుంది. రోజుల లెక్కన ఊడ్చే క్లీనర్‌కి అది చాలు, ఒక రోజుకంటే తక్కువ గడువు పెట్టేవాళ్ళకు చాలదు. దీనికి తిరగబడిన కేసు బ్యాకప్ సాఫ్ట్‌వేర్. అది ప్రతి రాత్రీ /టీఎంపీని కూడా చదివేస్తుంటే ఏటైమ్‌లు కొత్తబడుతూనే ఉంటాయి, ఏ ఫైలూ ముసలిదవదు. చెత్త ఎందుకు తగ్గట్లేదని తల పట్టుకునే ముందు బ్యాకప్ జాబితాలో /టీఎంపీ ఉందేమో చూడండి.

సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ మూడు సమయాలూ చూస్తుంది. ఏ ఒక్కటి కొత్తదిగా ఉన్నా ఫైల్‌ని వదిలేస్తుంది. డైరెక్టరీలకు మాత్రం సీటైమ్‌ని లెక్కలోకి తీసుకోదు. లోపలి ఫైల్‌ని చెరపగానే డైరెక్టరీ సమయాలన్నీ మారిపోతాయి కదా. ఏటైమ్, ఎంటైమ్‌లను అది మళ్ళీ పాత విలువకు తిప్పగలదు కానీ సీటైమ్‌ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఈ ఒక్క జాగ్రత్త చాలు, రాసినవాళ్ళు ఈ పని గురించి నిజంగా ఆలోచించారని చెప్పడానికి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఏదో ప్రాసెస్ ఇంకా వింటున్న యూనిక్స్ సాకెట్‌ని (ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ప్రత్యేక ఫైల్) ముట్టుకోదు. స్టికీ బిట్ (హక్కుల్లో ఒక ప్రత్యేక గుర్తు) పెట్టిన ఫైల్‌ని ముట్టుకోదు. ఇంకో ఫైల్ సిస్టమ్ మౌంట్ అయిన చోట గడప దాటదు. డైరెక్టరీ మీద ఏదైనా ప్రోగ్రామ్ ఎఫ్‌లాక్ (తాళం) పట్టుకుని ఉంటే దాన్నీ లోపలిదాన్నీ దాటుకుని వెళ్ళిపోతుంది. టార్ విప్పే స్క్రిప్ట్‌లు రాసేవాళ్ళు ఆ చివరిది గుర్తుపెట్టుకోవాలి. పని జరుగుతున్నంతసేపూ డైరెక్టరీని ఎఫ్‌లాక్‌తో పట్టుకుంటే చాలు, కాన్ఫిగ్ ఏదీ మార్చక్కర్లేదు.

సాకెట్ల విషయంలో మిగతా పనిముట్లకు పాస్ మార్కులు కష్టమే. టెంప్‌రీపర్ మామూలుగా సాకెట్లనూ సిమ్‌లింక్‌లనూ వదిలేస్తుంది కానీ --ఆల్ అని ఇచ్చారా, బతికున్నదీ చచ్చిందీ అని చూడదు. టీమక్స్ (టెర్మినల్ సెషన్లు నిలిపి ఉంచే ప్రోగ్రామ్) సాకెట్ /టీఎంపీలోనే ఉంటుంది. అది పోతే సెషన్లు లోపల నడుస్తూనే ఉంటాయి, మనం మాత్రం వాటిలోకి వెళ్ళలేం. అప్పుడు టీమక్స్ సర్వర్ ప్రాసెస్‌కి యూజర్1 సిగ్నల్ పంపితే సాకెట్‌ని మళ్ళీ సృష్టించుకుంటుంది, సెషన్లు చేతికొస్తాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళు ఇంకా ముందుచూపున్నవాళ్ళు. క్లీనర్ల బారిన పడకుండా తమ సాకెట్‌నీ దాని లాక్ ఫైల్‌నీ దాదాపు గంటకోసారి, కచ్చితంగా చెప్పాలంటే 58 నిమిషాలకోసారి, తామే తాకుతూ ఉంటారు. పెద్ద డేటాను క్లస్టర్ మీద నడిపే హడూప్ దీనికి పూర్తి వ్యతిరేకం. కాన్ఫిగ్ మార్చకపోతే దాని పీఐడీ ఫైళ్ళు (ప్రాసెస్ నంబర్లు ఉండేవి) /టీఎంపీలో, నేమ్‌నోడ్ డేటా (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే జాబితా) కూడా /టీఎంపీ కిందే. మొదటివి పోతే ఆపే స్క్రిప్ట్ ఆపడానికి ఏమీ లేదంటుంది. రెండోది పోతే క్లస్టరే పోయినట్టు. నేర్చుకోవడానికి పెట్టుకున్న సింగిల్ నోడ్ అయినా సరే, హడూప్.టీఎంపీ.డిర్‌ని వేరే చోటికి మార్చాకే ఫార్మాట్ చేయండి.

అమరిక ఎలాగో చూద్దాం. నియమాలు మూడు చోట్ల ఉంటాయి. పంపిణీ ఇచ్చినవి /యూఎస్ఆర్/లిబ్/టెంప్‌ఫైల్స్.డిలో, తాత్కాలికమైనవి /రన్/టెంప్‌ఫైల్స్.డిలో, మనం రాసుకునేవి /ఈటీసీ/టెంప్‌ఫైల్స్.డిలో. ఒకే పేరున్న ఫైల్ రెండు చోట్ల ఉంటే ఈటీసీలోదే చెల్లుతుంది. కాబట్టి /టీఎంపీ గడువు మార్చాలంటే టీఎంపీ.కాన్ఫ్‌ని ఈటీసీలోకి అదే పేరుతో కాపీ చేసి అక్కడ దిద్దాలి. చాలామంది మైటెంప్.కాన్ఫ్ అనో ఇంకోటనో కొత్త పేరుతో రాసి, అందులోనూ /టీఎంపీకి ఒక వరుస పెడతారు. అప్పుడు ఒకే దారికి రెండు నియమాలవుతాయి, అక్షర క్రమంలో ముందున్న ఫైల్ గెలుస్తుంది, రెండోదాన్ని పట్టించుకోలేదని లాగ్‌లో ఒక ముక్క పడుతుంది. ఆ ముక్క ఎవరూ చదవరు.

వరుసలో ఏడు గడులు: రకం, దారి, హక్కులు, యజమాని, గ్రూప్, వయసు, ఆర్గ్యుమెంట్. రకం అంటే ఒక్క అక్షరం. పెద్ద మైనస్ మార్కు ఇక్కడే. చిన్న డి డైరెక్టరీ లేకపోతే చేస్తుంది, గడువు దాటినవి ఊడుస్తుంది. పెద్ద డి అదే పని చేస్తూ, --రిమూవ్‌తో నడిపినప్పుడు, అంటే మామూలుగా బూట్ సమయంలో, లోపలిదంతా ఖాళీ చేస్తుంది. షిఫ్ట్ మీట ఒక్కసారి ఎక్కువ నొక్కితే పది రోజుల గడువు కాస్తా ప్రతి రీబూట్‌కీ సర్వనాశనం. ఎక్స్ కూడా ఇలాగే. చిన్న ఎక్స్ ఆ దారినీ లోపలున్నదాన్నీ కాపాడుతుంది, పెద్ద ఎక్స్ ఆ డైరెక్టరీని మాత్రమే కాపాడి లోపలిది ఊడ్చేస్తుంది. వినడానికి విచిత్రంగా ఉన్నా రెండూ కావాలి. ప్రైవేట్‌టీఎంపీ ఆన్ చేసిన సర్వీసులకు సిస్టమ్‌డీ /టీఎంపీ కింద విడిగా గదులు కడుతుంది. గది కూలకూడదు, లోపలి చెత్త పోవాలి, అందుకే పంపిణీతో వచ్చే నియమాల్లో రెండు ఎక్స్‌లూ కనిపిస్తాయి. ముందున్న డైరెక్టరీని ఊడ్చడం మాత్రమే కావాలి, కొత్తగా చేయొద్దు అనుకుంటే ఇ రకం. రకం పక్కన ఆశ్చర్యార్థకం పెడితే ఆ వరుస బూట్ సమయంలోనే నడుస్తుంది, గ్రాఫిక్స్ తెర నడిపే ఎక్స్11 సాకెట్ డైరెక్టరీకి అది ఉంటుంది.

మొదట్లో చెప్పిన టామ్‌క్యాట్‌కి మందు ఒక్క వరుస, చిన్న ఎక్స్‌తో: ఎక్స్ /టీఎంపీ/టామ్‌క్యాట్.* అని ఈటీసీలో ఒక చిన్న ఫైల్. ఇంకా మంచిది సర్వర్.టామ్‌క్యాట్.బేస్‌డిర్‌ని /వార్/లిబ్ కిందికి మార్చేయడం. మినహాయింపుల జాబితా పెరిగే కొద్దీ ఏది ఎందుకు పెట్టారో మరిచిపోతాం.

రాశాక సరిచూసుకోవడం ఎలా? సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ --క్యాట్-కాన్ఫిగ్ అంటే చెల్లే ఫైళ్ళన్నిటినీ ఒకచోట వరుసగా చూపిస్తుంది. నిజంగా చెరపకుండా చూడాలంటే --డ్రై-రన్ ఉంది, కానీ అది 2024లో వచ్చిన 256 వెర్షన్ నుంచే. డెబియన్ 12లో 252, ఉబుంటు 24.04లో 255. అంటే ఎన్నో సర్వర్లలో ఈ సౌకర్యం లేదు. టెంప్‌వాచ్, టెంప్‌రీపర్ రెంటికీ --టెస్ట్ ఎన్నో ఏళ్ళుగా ఉండగా, పుట్టి దశాబ్దం దాటాక గానీ దీనికి ఆ బుద్ధి రాలేదు. పాత వెర్షన్లున్నవాళ్ళు ఒక ఖాళీ డైరెక్టరీ చేసి, టచ్ -డితో పాత తేదీల ఫైళ్ళు సృష్టించి, దానికొక్కదానికే కాన్ఫిగ్ రాసి, సిస్టమ్‌డీ_లాగ్_లెవెల్=డీబగ్ అని ముందు పెట్టి --క్లీన్ నడపాలి. ఏ ఫైల్‌ని ఏ సమయం చూసి వదిలేసిందో వరుసగా చెబుతుంది. ఒక హెచ్చరిక: టచ్‌తో ఏటైమ్, ఎంటైమ్ వెనక్కి పోతాయి కానీ సీటైమ్ ఇప్పటిదే ఉంటుంది. అందుకే ఫైల్ చెరగదు. "పనిచేయట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే. 250 వెర్షన్ దాటినవాళ్ళు వయసు గడిలో ఏఎమ్:10డి అన్నట్టు ఏ సమయాలు చూడాలో చెప్పి పరీక్షించుకోవచ్చు.

నడిపేది టైమర్. బూట్ అయిన 15 నిమిషాలకు ఒకసారి, ఆ తర్వాత రోజుకోసారి. ల్యాప్‌టాప్ మూత మూసి సస్పెండ్‌లో పెట్టినంతసేపూ ఈ లెక్క ఆగిపోతుంది, కాబట్టి రోజుకోసారి అన్నది కొన్నిసార్లు రెండు మూడు రోజులకు జరుగుతుంది. సర్వర్లకు ఈ బెడద లేదు.

డిఫాల్ట్ గడువులు మూల ప్రాజెక్టులో /టీఎంపీకి 10 రోజులు, /వార్/టీఎంపీకి 30. రెడ్‌హ్యాట్ 6లో టెంప్‌వాచ్ రోజుల్లోనూ ఇవే అంకెలు. డెబియన్ మాత్రం ఏళ్ళ తరబడి /టీఎంపీని బూట్‌లోనే ఖాళీ చేసేది, /వార్/టీఎంపీ జోలికి పోయేది కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో అది మారింది. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ 10, 30 రోజుల నియమం అమలవుతుంది, పైగా /టీఎంపీ ఇప్పుడు టీఎంపీఎఫ్ఎస్, అంటే ర్యామ్‌లో. గరిష్ఠంగా ర్యామ్‌లో సగం. 8 జీబీ మిషన్‌లో 4 జీబీ ఐఎస్ఓ ఫైల్ అక్కడ పెట్టబోతే చోటు లేదంటుంది. పెద్ద పనులకు టీఎంపీడిర్ వేరియబుల్‌ని /వార్/టీఎంపీకి మార్చుకోండి, లేదా సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ టీఎంపీ.మౌంట్ అని రీబూట్ చేస్తే పాత పద్ధతి తిరిగొస్తుంది.

256 వెర్షన్ పేరెత్తాక --పర్జ్ గురించి చెప్పకపోతే రివ్యూ సగమే. ఆ వెర్షన్‌లో అది టెంప్‌ఫైల్స్ నియమాలు సృష్టించిన వాటన్నిటినీ తొలగించే ఆప్షన్‌గా వచ్చింది. నియమాల జాబితాలో /హోమ్ కూడా ఉంది, లేకపోతే సృష్టించడానికి. పేరులో టెంప్ ఉంది కదా, టెంప్ ఫైళ్ళే పోతాయనుకుని నడిపినవాళ్ళకు హోమ్ డైరెక్టరీ మొత్తం పోయింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టయింది. 256.1లో కాన్ఫిగ్ ఫైల్ పేరు ఇవ్వకుండా ఈ ఆప్షన్ నడవకుండా కట్టుదిట్టం చేశారు. రోజువారీ శుభ్రతకు కావాల్సింది --క్లీన్ ఒక్కటే. --పర్జ్‌ని మరిచిపోండి.

టెంప్‌రీపర్‌ని పూర్తిగా కొట్టిపారేయలేం. సిస్టమ్‌డీ లేని చోట దాని సైజుకి మంచి పనిముట్టు. ఇన్‌స్టాల్ చేసినా ఏమీ చెరపట్లేదంటే /ఈటీసీ/టెంప్‌రీపర్.కాన్ఫ్‌లో షోవార్నింగ్=ట్రూ అన్న వరుస అలాగే ఉందన్నమాట. ప్రమాదాల గురించి చదివాకే వాడాలని కావాలనే అలా పెట్టారు, ఆ వరుసను కామెంట్ చేస్తేనే కదులుతుంది. గడువు టెంప్‌రీపర్_టైమ్‌లో, మినహాయింపులు టెంప్‌రీపర్_ప్రొటెక్ట్_ఎక్స్‌ట్రాలో. ఆ ప్రమాదాలు ఊహలు కావు. మౌంట్ పాయింటా కాదా అని తేల్చే చోట ఉన్న రేస్ (రెండు పనుల మధ్య దొరికే సందు) వల్ల మామూలు యూజర్ రూట్ హక్కులు సంపాదించగలిగే లోపం 2019లో బయటపడింది, 1.6.14లో దిద్దారు. అంతకు పాతది ఉంటే తీసేయండి. టెంప్‌వాచ్‌లో ఇప్పటికీ ఇష్టపడాల్సింది --ఫ్యూజర్, ఎవరైనా తెరిచి ఉంచిన ఫైల్‌ని చెరపదు.

ఫ్రీబీఎస్‌డీలో పీరియాడిక్ డైలీ కింద 110.క్లీన్-టెంప్స్ స్క్రిప్ట్ ఉంది కానీ మొదట ఆఫ్‌లో ఉంటుంది. /ఈటీసీ/పీరియాడిక్.కాన్ఫ్‌లో డైలీ_క్లీన్_టెంప్స్_ఎనేబుల్‌కి యస్ అని పెట్టాలి. గడువు 3 రోజులు, కొంచెం కటువే, 7 చేసుకోవడం మంచిది.

ఫైండ్‌ని పక్కన పెడితే, ఏ పనిముట్టు వాడినా తీరని లోపం ఒకటుంది: వీటికి వయసే తెలుసు, సైజు తెలియదు. నిన్న పుట్టిన 60 జీబీ హీప్ డంప్ (ప్రోగ్రామ్ మెమరీ కాపీ) డిస్క్ నింపేస్తే పది రోజులదాకా ఏ క్లీనరూ కన్నెత్తి చూడదు. దానికి /టీఎంపీని విడి పార్టిషన్‌గానో, సైజు కట్టిన టీఎంపీఎఫ్ఎస్‌గానో పెట్టడమే దారి. ఫైళ్ళు చెరిగినా డీఎఫ్ (డిస్క్ ఖాళీ చూపే కమాండ్)లో ఖాళీ పెరగకపోతే, చెరిగిన ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుందని అర్థం. ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1 అంటే ఎవరో తెలుస్తుంది, ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే చోటు వస్తుంది. చోటున్నా చోటు లేదంటుంటే డీఎఫ్ -ఐ చూడండి, చిన్న ఫైళ్ళు లక్షల్లో పేరుకుని ఐనోడ్‌లు (ఫైల్‌కి ఒకటి చొప్పున ఉండే నమోదు గడులు) అయిపోయి ఉంటాయి.

అయిదుకి నాలుగు ఇవ్వొచ్చు. పోయిన ఒక్కటీ ఆ ఒంటి అక్షరాల భాషకూ, ఆలస్యంగా వచ్చిన డ్రై-రన్‌కీ. ఎక్కువమందికి తెలియని సుగుణం ఒకటి మిగిలింది, రూట్ హక్కు లేకుండా సొంత డైరెక్టరీలకూ వాడుకోవచ్చు. హోమ్‌లో .కాన్ఫిగ్/యూజర్-టెంప్‌ఫైల్స్.డి కింద ఫైల్ పెట్టి, ఇ %హెచ్/డౌన్‌లోడ్స్ - - - 60డి అని రాసి, సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ ఎనేబుల్ --నౌ సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్-క్లీన్.టైమర్ అంటే రెండు నెలలు ముట్టని డౌన్‌లోడ్‌లు వాటంతటవే పోతాయి. షేర్డ్ సర్వర్ మీదైతే లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ కూడా కావాలి, లేకపోతే మీరు లాగౌట్ అవగానే టైమర్ కూడా ఆగిపోతుంది. ఆధార్ పీడీఎఫ్‌లూ జీతం స్లిప్పులూ డౌన్‌లోడ్స్‌లోనే దాచుకునే అలవాటుంటే వాటిని ముందు వేరే ఫోల్డర్‌కి తరలించండి. ఇక్కడ రీసైకిల్ బిన్ లేదు.